నారింజ రుచి గోలీ

ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని కూతురు సుమయ్యాను ఆటోలోంచి దించేసరికి మెహనాజ్‌కు నడుము పట్టేసింది. దవాఖానలోనే పూట గడిచిపోయింది.

తొమ్మిదేళ్ల సుమయ్యాకు కిడ్నీ జబ్బు. ప్రొటీన్ మూత్రంలో పోకుండా స్టెరాయిడ్ వాడుతున్నారు. ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. ఇప్పుడు వీపు నొప్పి అంటోంది. స్టెరాయిడ్ వల్ల ఎముకలు పలచబడ్డాయని, వెన్నుపూస ఇంకా కుంగలేదు గాని కుంగితే కష్టమని డాక్టరు చెప్పాడు. కాల్షియం గోలీ రోజూ వేస్తున్నారా అని అడిగితే మెహనాజ్ గట్టిగా అవునంది. సీసా నెల తిరిగేసరికి ఖాళీ అవుతోంది మరి.

పొద్దున స్టెరాయిడ్ తనే దగ్గరుండి వేస్తుంది. మధ్యాహ్నం మాత్రం భర్త నబీకి దుకాణానికి క్యారియర్ తీసుకుపోవాలి. ఆ వేళ పిల్లకు అన్నం పెట్టడం, నమిలే నారింజ రంగు కాల్షియం గోలీ ఇవ్వడం అత్త మహబూబ్‌బీ వంతు.

దవాఖాన నుంచి వచ్చి అన్నం కలిపి పెడుతూ, గోలీ నములుతున్నావా, ఉమ్మేస్తున్నావా అని మెహనాజ్ కూతురిని అడిగింది.

"అది దాదీ తింటది గద అమ్మీ," అంది సుమయ్యా, అందరికీ తెలిసిన సంగతిలాగే.

మహబూబ్‌బీ తల ఎత్తకుండానే సంగతి చెప్పింది. పక్కింటి మొగిలమ్మ మరిదికి కిడ్నీలో రాళ్లు పడ్డాయట. కాల్షియంతోనే పడతాయని మొగిలమ్మ చెప్పిందట. అసలే జబ్బుపడ్డ కిడ్నీ. కోడలికి చెబితే చదువుకున్నదాన్నని వాదిస్తుందని చెప్పలేదు.

"పైసలు వెట్టి కొన్న దవాయి పారేస్తె గునా గాదా, పాపం తగలదా? అందుకే నేనే చప్పరించిన," అంది. "జర తియ్యగనే ఉంటది."

కోప్పడటానికీ ఓపిక కావాలి. డాక్టరు రక్తం, మూత్రం పరీక్షలు చూసే ఈ పిల్లకెంత కావాలో అంతే రాశాడని మెహనాజ్ మెల్లగా చెప్పింది. కవరులోంచి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. ముసలమ్మ ఆ వెన్నును పైనుంచి కిందికి వేలితో నిమిరింది.

"గింత పిల్ల," అంది.

మర్నాడు మెహనాజ్ ఖాళీ క్యారియర్‌తో తిరిగొచ్చేసరికి దాదీ, మనవరాలు వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నారు.

"నాలిక సూపెట్టు బేటా," అంది మహబూబ్‌బీ.

సుమయ్యా నాలుక చాపింది. నారింజ రంగు. ఎవరూ అడక్కుండానే ముసలమ్మ కూడా కోడలి వైపు తిరిగి నోరు తెరిచింది. లోపల రెండు పళ్లు తప్ప ఏమీ లేవు.

మెహనాజ్‌కు నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక లేదు. గడప మీద కూలబడి, వీపు ఎట్లుందని కూతురిని అడిగింది.

"నొస్తనే ఉంది," అంది సుమయ్యా.