దూరపు గుడిసె

మా అక్క సుబ్బులమ్మ నన్ను మనిషే కాదన్నది. కొమరోలులో, పెద్దమనుషుల ముందర. కరోనాలో బతికించినందుకు.

మా తాత కాలంలో గత్తర, అదే కలరా, వస్తే ఊరిడిచి చేలల్లో గుడిసెలేసుకొని బతికినారంట. నాయన చెప్పేవాడు. నా చదువు ఐదుతోనే ఆగినా ఆ మాట మాత్రం మరిచిపోలేదు. కరోనా రెండోసారి వస్తాందనంగానే మా చేన్లో రెండు గుడిసెలేసినా, బోరుండే దిగువ సగంలో. మా చేనంతటికీ తడి ఉండేది అక్కడే. ఒక గుడిసె మాకు. ఇంకోటి దూరంగా, ఎవరికి జరమొస్తే వాళ్లకు. నాకొచ్చినా నేనే పోతానని అమ్మకూ మా ఇంటామెకూ ముందే చెప్పినా. జొన్నలు, కందిబేడలు, జరం మాత్రలు, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను, అన్నీ తెచ్చిపెట్టినా.

"ఏంది మామా, పాడె గూడా కట్టిపెట్టుకున్నావా?" అని ఊరోళ్లు నవ్వినారు.

మాలో ఎవరికీ రాలేదు. అక్కకొచ్చింది. కనిగిరి ఆసుపత్రుల్లో ఎక్కడా మంచం దొరకలేదని రంగయ్య బావ ఆటోలో తెచ్చి, గట్టు మీద దించి, మళ్లీ ఆటో ఎక్కినాడు. నీళ్లు గూడా తాగలేదు.

దూరపు గుడిసెలో పెట్టినా. సంగటి, పాలు, మాత్రలు గుడిసె ముందర బండ మీద పెట్టి, కేకేసి, పక్కకు జరిగేవాణ్ని. మిషన్లో అంకె ఎంతుందో ఆమె లోపల్నించి అరిచి చెప్పేది. అమ్మ ఏడ్చుకుంటా బిడ్డ కాడికి పోబోతే రెక్క పట్టి లాక్కొచ్చినా. అక్క లేచి తిరిగింది. అమ్మ ఈ పొద్దుకీ బతికుంది. మా ఇంట్లో ఒక్క శవం లేవలేదు.

మొన్న పంచాయితీలో అక్క అడిగింది:

"కుక్కకు పెట్టినట్టు బండ మీద పెట్టినావు గదరా?"

"నీ మొగుడు దించి పారిపోయినాడు గదక్కా. ఆయన్నేమీ అనవేం?"

"ఆయన భయపడినాడు. భయం ఎవరికైనా పుడుతుంది. నువ్వు గుడిసె ముందే కట్టిపెట్టినావు."

బావ తువ్వాలుతో మూతి తుడుచుకొని గోడ దిక్కు చూసినాడు.

"నాయన చేన్లో నా సగం నాకు రాయి. నన్ను పడేసిన చోటే కావాల."

ఎగువ సగం తీసుకోమంటే వినలేదు. అక్కడ నీళ్లు లేవని ఆమెకూ తెలుసు. ఆడబిడ్డకు హక్కుందన్నారు పెద్దమనుషులు. బండ మీద పాలెవరు పెట్టినారని ఒక్కడూ అడగలేదు. గిద్దలూరు రిజిస్ట్రారాఫీసుకు పోయి సంతకం పెట్టొచ్చినా.

మూడెకరాల ఇరవై సెంట్లలో ఎకరా అరవై సెంట్లు పోయింది. బోరు అందులోనే ఉంది.