నోటికొచ్చిన దీవెన

కోచ్కోర్ ఊరి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఆరుగురే మిగిలారు. ఏడుగురు లేనిదే రిఫరీ ఆట మొదలుపెట్టడు. మనుషులు చాలక ఇప్పటికే ఒక ఆట వదులుకున్నారు. రేపటిది కూడా వదులుకుంటే లీగ్‌లోంచి జట్టు పేరే తీసేస్తారు. అందుకే ఆట నేర్పే తుర్దాకున్ మాస్టారు పిల్లలందర్నీ పాత వ్యానులో ఎక్కించుకుని బేగిమాయ్ అత్తగారింటికి బయల్దేరాడు. మొన్ననే పెళ్లయిన ఆ ఏడో పిల్లని ఒక్క పూట మైదానానికి పంపమని అడగాలి.

ఇలాంటి మాటలు మాట్లాడడం ఆయన భార్య రహత్ పని. ఏ గుమ్మంలో ఎలా మొదలుపెట్టాలో, ఏ అత్తగారి ముందు ఎంతసేపు గొర్రెల కబుర్లు చెప్పాలో ఆవిడకే తెలుసు. ఆవిడ పోయాకే జట్టు పలచబడుతూ వచ్చింది.

"చాయ్ తాగి, రొట్టె తిని, అసలు సంగతి మర్చిపోయి వచ్చేస్తారేమో మాస్టారూ. నేనూ రానా?" అంది గోల్‌కీపర్ జిబెక్.

"నువ్వొస్తే నీక్కూడా అక్కడే ఓ సంబంధం చూస్తారు. కదలకుండా కూర్చో."

వ్యానంతా నవ్వింది. ఆ నవ్వు వింటూ ఆయన ఒక్కడే లోపలికి వెళ్లాడు.

అత్తగారు ఊల్కన్ ఆయన్ని గుమ్మానికి ఎదురుగా, పెద్దల చోట కూర్చోబెట్టింది. రొట్టె, వెన్న, చాయ్ వచ్చాయి. మామగారు గడ్డం నిమురుకుంటూ వానల గురించి రెండు మాటలన్నాడు. మాస్టారు తెచ్చిన శాలువా అందుకుని, ఊల్కన్ మూలన కొత్తకోడలి ముందున్న తెర తొలగించింది. తెల్ల రుమాలు కట్టుకున్న బేగిమాయ్ తల ఎత్తకుండా మూడుసార్లు వంగి మొక్కింది. చెయ్యి చాచినప్పుడు మోచేతి మీద, పోయిన ఆటలో దోక్కుపోయిన చోట, ఇంకా పక్కు రాలని గాయం కనిపించింది.

"ఇంటికొచ్చిన పెద్దలు మీరు. పిల్లని దీవించండి మాస్టారూ," అంది ఊల్కన్.

దీవించి, ఆ తర్వాత అడుగుదామనుకుని ఆయన తన అరచేతులు చాచాడు. కోచ్కోర్లో జరిగే పెళ్లిళ్లన్నిటిలో దీవెన చెప్పేది ఆయనే. మనసు రేపటి ఆట మీద ఉంది. నోరు అలవాటైన దారినే పోయింది.

"ఈ గుమ్మంలో పెట్టిన అడుగు ఇక్కడే నిలవాలి తల్లీ. నీ పొయ్యి ఆరకూడదు. నీ ఒడి ఖాళీగా ఉండకూడదు. నీ కళ్లు వెనక్కి తిరక్కూడదు."

"ఓమిన్, అలాగే జరగాలి," అంటూ అందరూ అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. బేగిమాయ్ చేతులు మాత్రం ముఖం మీంచి దిగడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

ఇచ్చిన దీవెన చల్లారకముందే దాన్ని వెనక్కి తీసుకునే పెద్దమనిషి ఆ లోయలో ఎవరూ లేరు. ఆయన చాయ్ ముగించి లేచాడు.

ఊల్కన్ గేటు దాకా వచ్చింది. "నిజం చెప్తాను, ఆటకి పంపమంటారేమోనని భయపడ్డాం. మీరు అడిగితే కాదనలేం, ఈ ఒక్కసారికి పంపుదాం అన్నారు మా ఆయన. ఎంత మంచి మాటన్నారు మాస్టారూ, మా మనసు కుదుటపడింది."

"పిల్ల జాగ్రత్త చెల్లెమ్మా," అన్నాడాయన.

వ్యానులో అందరూ ఆయనకేసే చూశారు.

"పంపనన్నారా?"

"నేను అడగలేదమ్మా. దీవించి వచ్చాను."

జిబెక్ ఏదో అనబోయింది. ఆయన ముఖం చూసి, వ్యాను తలుపు తనే వేసి, పక్కకి జరిగి చోటిచ్చింది.

మర్నాడు రిఫరీ గడియారం చూస్తూ ఆగాల్సినంతసేపు ఆగాడు, తర్వాత కాగితం మీద సంతకం చేశాడు. కోచ్కోర్ జట్టు లీగ్‌లో లేకుండా పోయింది. సరస్సు ఒడ్డునున్న బాలిక్చి నుంచి పోటీకి వచ్చిన అమ్మాయిలు బూట్ల లేసులు విప్పబోతుంటే వాళ్ల కెప్టెన్ ఆపి, జిబెక్ వైపు తిరిగింది.

"చలిలో ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా? మేమూ ఆరుగురమే దిగుతాం అక్కా. లెక్కకి రాకపోతే పోయింది."

కాగితం మడిచిన రిఫరీ కోటు విప్పి, ఈల మళ్లీ మెడలో వేసుకున్నాడు.

కోచ్కోర్ పిల్లలు బాగానే ఆడారు. ఒక్కటే, బంతి అందగానే తల ఎత్తకుండా ఎడమ అంచుకి తన్నేసేవాళ్లు. అక్కడ బేగిమాయ్ లేదు. బంతి గీత దాటి ఎండుగడ్డిలోకి దొర్లిపోయేది. ఎవరూ చెప్పకుండానే తుర్దాకున్ మాస్టారు వెళ్లి దాన్ని తెచ్చి ఇచ్చాడు, మళ్లీ వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు.