మామయ్యగారి మడత కత్తి

దేవుడి ముందు పెట్టిన వస్తువుకు తుప్పు పడుతుందా? పన్నెండేళ్ళుగా నన్ను తొలుస్తున్న సందేహం ఇది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని కొంత, పడుతుందనే చెబుతారేమోనని కొంత.

మా మామయ్యగారిది క్షౌరం పని. ఇంటి ముందుగదే దుకాణం. గడ్డాలు గీసే మడత కత్తి వాళ్ళ నాన్నగారి చేతిది. నేను కాపురానికి వచ్చిన ఏడాది, మామయ్యగారు ఊళ్ళో లేని ఒక సాయంత్రం, నా భర్త ఆ కత్తిని నురగతోనే కుళాయి గట్టు మీద వదిలేసి బయటికి వెళ్ళాడు. మాకు అన్నం పెట్టే వస్తువు అలా పడి ఉండటం నాకు నచ్చలేదు. పదునైన ఆ వాదర అంచు వైపు చూడాలంటేనే భయం. గబగబా నీళ్ళు పోసి, పైపైన తుడిచి, మడిచి, దేవుడి అరలో దీపం పక్కన పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

రెండు రోజులకు మామయ్యగారు వచ్చి కత్తి తెరిచారు. వాదర పొడవునా ఎర్రటి చుక్కలు. మధ్యలో నూకగింజంత గంటు.

"తడి కత్తిని మడిచిందెవరు?"

"నేనే మామయ్యగారూ. దేవుడి దగ్గర పెట్టాను."

"ఆయన తుడుచుకుంటాడనుకున్నావా?"

నా భర్త అక్కడే నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. గంటు పోయేదాకా మామయ్యగారు కత్తిని వారం రోజులు రాయి మీద నూరారు. దాని వెడల్పు తగ్గిపోయింది. అప్పటి నుంచి నన్ను ఆ కత్తి ముట్టుకోనివ్వలేదు. కొన్నాళ్ళకు నాతో నేరుగా మాట్లాడటమూ మానేశారు. ఏం కావాలన్నా గోడకు చెప్పేవారు. "ఈ ఇంట్లో మంచినీళ్ళు దొరుకుతాయా?" అని ఆయన అంటే నేను గ్లాసు తెచ్చి పెట్టేదాన్ని. "మా ఇంటి గోడ ఎంత బుద్ధిమంతురాలో, అడగ్గానే నీళ్ళిస్తుంది" అని నా భర్త నవ్వేవాడు.

నా భర్త పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరమే. మామయ్యగారు దగ్గితే ఆయన ఉన్నారని నాకు, గిన్నె చప్పుడైతే నేనున్నానని ఆయనకు తెలుస్తుంది.

ఈ చలికాలంలో ఆయన చేతులు వణకడం మొదలైంది. దుకాణం మూతపడింది. "ఇంకొకడి చేతికి నా మెడ ఇస్తానా?" అని గోడతో చెప్పి, పది రోజుల గడ్డంతో అద్దం ముందు కూర్చునేవారు. బతుకంతా ఊరి గడ్డాలు గీసిన మనిషిని అలా చూడలేకపోయాను. నిన్న పొద్దున గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, తువ్వాలు తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"కత్తి ఇవ్వండి మామయ్యగారూ."

"మళ్ళీ దేవుడికిస్తావా?" అన్నారు. ఈసారి గోడతో కాదు, అద్దంలో కనిపిస్తున్న నాతో.

"ముందు మీకు గీస్తాను. తరువాత సంగతి మీరే చూద్దురుగాని."

"మెడ తెగితే?"

"తెగితే నన్ను మంచినీళ్ళు ఎవరడుగుతారు?"

ఆయన చాలాసేపు నా చేతుల వంక చూశారు. తరువాత సొరుగు తీసి కత్తి ఇచ్చారు.

గడ్డం గీయడం బాగానే జరిగింది. నా పరీక్ష ఆ తరువాతే. కొనను కిందికి వంచి పట్టుకుని, పిడి దగ్గరి కీలులోకి దిగకుండా నీళ్ళు పోశాను. నురగంతా జారిపోయింది. మెత్తటి పాత పంచె ముక్కతో పదును లేని వెన్ను వైపు నుంచి వాదర వైపుకు, బయటికి, మెల్లగా తుడిచాను. వాదర పొడవునా లాగితే గుడ్డా తెగుతుంది, పదునూ పోతుంది. గుడ్డ కొసను ఒత్తిలా మెలిపెట్టి కీలు సందులో తడి తీశాను. తోలు పట్టీ మీద, వెన్ను ముందు నడిచేలా, పదిసార్లు అటూ ఇటూ లాగాను. మడవకుండా, గాలి తగిలే చోట తెరిచి పెట్టాను.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్ళూ తలుపు సందులోంచి చూశాను."

ఆయన నున్నటి గడ్డం తడుముకున్నారు.

"కూర్చో అమ్మాయ్. తడికి చుక్కలు పడతాయి. అవి రుద్దితే పోతాయి. తడికి గంటు పడదు."

"మరి?"

"కుళాయికి తగిలితే పడుతుంది. ఆ సాయంత్రం వాడు కడగబోయి కొట్టాడు. భయపడి అక్కడే వదిలేసి పోయాడు. నెల తరువాత నాకు చెప్పి, నీతో అనొద్దని బతిమాలాడు."

"మీరు సరేనన్నారు."

"కన్నకొడుకు కదా. నువ్వప్పుడు కొత్తదానివి. ఆ తరువాత నీ ముఖం చూసి మాట్లాడటానికి నాకే మొహం చెల్లలేదు. వాడు పోయాక, పోయినవాడి మీద ఎలా చెప్పను? ఈ మాట నీకు బాకీ ఉండిపోయాను తల్లీ."

ఇన్నేళ్ళూ కోపమనుకున్నది సిగ్గట! మరి గోడ మీద జోకులేసి నవ్విన మనిషి? నా భర్తతో పోట్లాడాలని ఉంది. పోట్లాడటానికి ఇంట్లో లేడు. దేవుడి ముందు పెట్టినా తడి తడే. చుక్కలు నావే, ఒప్పుకుంటాను.

"ఆ మాట సరిగ్గా ఒక్కసారి చెప్పండి మామయ్యగారూ. నన్ను చూసి చెప్పండి."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"ఆ గంటు నీ వల్ల పడలేదమ్మా" అన్నారు.