ఖాళీ ట్రాకు మీద దొరసాని

అయినా గుర్రానికి సిగ్గేమిటి, పదిమంది ముందు పరుగెత్తితే దాని పరువేం పోతుంది అని రాయబోయి చెయ్యి ఆపాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో నేను రాయవలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం, పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ మా ఆయన మూడు ముక్కలు చెప్పి వెళ్లారు, పసిగుర్రాల కాళ్లు పాడవుతాయని రాయి, నా గుర్రం సంగతి నా ఇంటి గుట్టు, ఊరందరికీ ఎందుకని రాయి, ఇన్నేళ్లుగా లేనిది ఇప్పుడెందుకని రాయి, మిగతాది నువ్వు చూసుకో అని, మిగతాది ఎప్పుడూ నేనే చూసుకుంటాను, ఆయన గుర్రాలకు కండ పట్టిస్తారు, నేను ఆయన మాటలకు పట్టిస్తాను, పన్నెండింటికల్లా ఉత్తరం రేసు క్లబ్బులో ఇవ్వాలి, ఇప్పుడు పదకొండున్నర, ట్రాకు నుంచి వచ్చి ఆయన స్నానాల గదిలో ఉన్నారు, పుక్కిలిస్తున్న చప్పుడు అచ్చం గుర్రం తొట్టిలో మూతి పెట్టినట్టే ఉంది, ఈ మాట పైకి అంటే మెచ్చుకున్నాననుకుంటారు.

క్లబ్బువాళ్లు పెట్టదలచిన రూలు వినడానికి చిన్నదే, కొత్త గుర్రం ఏదైనా మొదటి పందెంలో దిగేముందు ఒక్కసారి జనం చూస్తుండగా, ఇంకో అయిదారు గుర్రాలతో కలిసి, పందెం కాయడాలేమీ లేకుండా ఉత్తుత్తి పరుగు పరుగెత్తాలి, ట్రయల్ అన్నమాట, టైము బోర్డు మీద రాస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు, దానికే ఊళ్లో ఉన్న ఏడుగురు ట్రైనర్లూ రెండుగా చీలిపోయారు, ముగ్గురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు, ఏడో ఉత్తరం మా ఇంటి భోజనాల బల్ల మీద, ఉప్పుడబ్బాకూ నిన్నటి పేపరుకూ మధ్య నా చేతికింద ఉంది, ఇది ఔనంటే రూలు ఈ వారం నుంచే అమలు, అప్పుడు మా దొరసాని ఆదివారం పందెంలో దిగడానికి వీల్లేదు, ముందు నలుగురిలో పరుగెత్తి చూపించాలి, కాదంటే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తిన్నగా గేట్లోంచి పందెంలోకే, దొరసాని అంటే మూడేళ్ల ఆడగుర్రం, కాగితాల మీద దాని పేరు బారెడుంటుంది, నడక చూసి మేమంతా దొరసాని అంటాం, ఈ ఏడాదంతా ఆయన ఆశ దాని మీదే, నిద్రలో కూడా దాని టైములే పలవరిస్తారు, మొదట్లో అవి ఎవరి ఫోను నంబర్లో అని కంగారుపడ్డాను, అదైనా కాస్త కాలక్షేపంగా ఉండేది.

అది పరుగెడుతుండగా చూసిన బయటిదాన్ని నేనొక్కదాన్నే, అదీ పొరపాటున, పోయిన నెల ఆయన బీపీ మాత్ర మర్చిపోయి వెళితే బస్సెక్కి తీసుకెళ్లాను, పదయింది, ఎండ చురుక్కుమంటోంది, అప్పటికి ట్రాకు మీద పిట్టలేదు, అందరి గుర్రాలూ చల్లటివేళ పరుగెత్తి కడుగుడు కూడా అయిపోయి నీడలో గడ్డి నములుతుంటాయి, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని కంచె పక్కన నిలబడి అందరి గుర్రాల టైములూ రాసుకునేవాళ్లు కూడా వెళ్లిపోయారు, వాళ్లు వెళ్లాకే ఆయన దొరసానిని బయటికి తీయిస్తారట, ఎవడి కంటా పడకూడదని, అలా ఏడాదిగా అది ఒంటరిగా ఎండలో ఖాళీ ట్రాకు మీదే పరుగెత్తుతోంది, అబ్బ ఏం పరుగు, కంచె పక్కన నిలబడిన నాకు చీపురుతో దులిపినట్టు గాలి తగిలింది, కాని పరుగు అయిపోయాక అది ఆగిన తీరే నా కళ్లలో ఉండిపోయింది, ఆగి, కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, చెవులు ముందుకు వెనక్కు తిప్పింది, ఎవరో ఉన్నారనుకుని గదిలోకి వచ్చి ఎవరూ లేకపోతే మనిషి నిలబడిపోతుందే, అలాగ, గుర్రాలు తోమే ముసలాయన తువ్వాలుతో దాని మెడ తుడుస్తుంటే ఏం పరుగు పెద్దాయనా అన్నాను, పరుగుదేముందమ్మగారూ, పక్కన ఇంకోటి కూడా పరుగెడుతుందన్న సంగతే దీనికి తెలీదు, పరుగంటే ఒక్కత్తే చేసుకునే పననుకుంటోంది పిచ్చిది, కట్టేసేది కూడా ఆ చివర, ఒకపక్క దాణా గది, ఇంకోపక్క గోడ, గోడతోనే కాపురం అన్నాడు, ఈలోగా ఆయన వచ్చి మాత్ర వేసుకుని ఎవరైనా చూశారా అన్నారు, నేను చూశాను కదండీ అన్నాను, నువ్వు కాదు, ఎవరైనా చూశారా అంటున్నా అన్నారు.

బస్సులో వెనక్కి వస్తూ ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను, కిటికీ పక్క సీటు దొరికింది, అదృష్టం, మొహం బయటికి తిప్పుకుంటే నవ్వుతున్నామో ఇంకేం చేస్తున్నామో ఎవరికీ తెలియదు.

నిన్న మరిది వచ్చాడు, ఆయన తమ్ముడు, జాకీ, దొరసాని మీద ఆదివారం ఎక్కబోయేది అతనే, కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్లు కూడా లెక్కగా తాగాడు, బరువు చూసుకునే రోజులు, వదినా, నీ చేతి కాఫీ వాసన చూస్తేనే అరకిలో పెరుగుతానేమో అన్నాడు, అయితే వాసనకు వేరే పైసలివ్వాలోయ్ అన్నాను, నవ్వాడు, తల దువ్వుకోబోయి ఎడమచెయ్యి చెవిదాకా వచ్చి ఆగిపోతే కుడిచేత్తో దువ్వుకున్నాడు, రెండేళ్లక్రితం వేరే ట్రైనరు కొత్తగుర్రం ఒకటి ఎక్కాడు, అదీ ఇలాగే గుట్టుగా పెంచినదే, మలుపు దగ్గర మొట్టమొదటిసారి పక్కకు ఇంకో గుర్రం వచ్చేసరికి బెదిరి కంచె మీదికి విరుచుకుపడింది, మరిది భుజంలో స్టీలు పట్టీ అప్పటిదే, చూడు వదినా, చెయ్యి అందట్లేదని జుట్టుకే జాలేసి రాలిపోతోంది అన్నాడు, నీళ్ల గ్లాసు పక్కకు జరిపాడు, ఫ్రిజ్ గుర్రుమని ఆగింది, అప్పుడన్నాడు, వదినా, ఈ పిల్ల కూడా పక్కన ఇంకోదాన్ని ఎరగదు, మరి అన్నయ్యతో చెప్పొచ్చుగా అన్నాను, చెప్తే, భయపడ్డాడంటాడు, ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు, వాడు మాత్రం మనిషి కాదా, అయినా నాకింకెన్ని పందేలు మిగిలాయని, నువ్వూ చెప్పకు, ఒట్టు అన్నాడు, సరే అన్నాను, ఆ మాట ఒక్కటీ అనకుండా ఉండవలసింది.

భయపడ్డాడంటాడు, నిజమే, ఆయన దుర్మార్గుడేం కాదు, గుర్రం కాలు వేడిగా ఉందంటే దాని పక్కనే గడ్డిలో పడుకునే మనిషి, ఒకసారి నాకు జ్వరమొస్తే కూడా వచ్చి చెవుల వెనక చెయ్యి పెట్టి చూశారు, గుర్రానికి అక్కడే చూస్తారట, సంతోషించాను, దొరసానిని దాచడం కూడా ప్రేమతోనే, దిష్టి తగలనివ్వని ప్రేమ, అది గెలిచిన రోజున ఊరంతా నోరు వెళ్లబెట్టాలి అంతే, ఆ నోళ్లకోసం ఏడాది పాటు దానికి తోడు లేకుండా చేశారన్న ఆలోచన ఆయనకు తట్టనే లేదు, తట్టించేవాళ్లు ఎవరున్నారు గనక, ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఒకరు గుర్రాలతో మాట్లాడతారు, ఒకరు మాట్లాడరు.

మాట్లాడరు కాని రాస్తారు, ఇరవై రెండేళ్లుగా ఆయన పేరుతో ఉత్తరాలు నావే, గుర్రాల యజమానులకు, క్లబ్బుకు, పశువుల డాక్టరుకు, ఆయన ఒక్కటీ చదవరు, ఎక్కడ అంటారు, నేను వేలు పెట్టి చూపిస్తాను, సంతకం పెడతారు, అంత నమ్మకం ఎవరికి దొరుకుతుంది అని మొదట్లో మురిసిపోయాను, తరవాత చిలిపితనం పుట్టింది, పోయినేడు గుర్రాల పాక వెనక మురుగుకాలవ గురించి క్లబ్బు కార్యదర్శికి రాస్తూ, తమరి నిర్ణయాల్లాగే ఈ కాలవ కూడా ఎటూ కదలకుండా నిలకడగా ఉంది అని చేర్చాను, ఆయన సంతకం పెట్టారు, తమరి అభిమానానికి కృతజ్ఞతలు అని కార్యదర్శి నుంచి జవాబొచ్చింది, వంటింట్లో ఒక్కదాన్నే కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, ఈ నవ్వు ఎవరికి చెప్పుకోవాలో తోచక గిన్నెలు కడిగాను, శుభ్రంగా ఉన్నవి కూడా కడిగాను.

కాబట్టి ఈవేళ కూడా ఆయన చదవరు, స్నానాల గదిలో నీళ్లు ఆగాయి, నేను కాగితం మార్చాను, కొత్త కాగితం మీద అయ్యా, తమరు ప్రతిపాదించిన ట్రయల్‌కు నా పూర్తి సమ్మతి తెలుపుతున్నాను అని మొదలుపెట్టాను, ఇది నాకు కొత్త కాదు, కాలేజీలో డిబేటు పోటీల్లో ఒకే అంశం మీద ఒక ఏడాది ఔనని, మరుసటి ఏడాది కాదని మాట్లాడి రెండుసార్లూ కప్పు గెలిచాను, ఒకదాంట్లో ఇప్పుడు బట్టల క్లిప్పులుంటాయి, రెండోసారి గెలిచినరోజున లెక్చరరమ్మ గేటుదాకా నడిచొచ్చి, ఇంతకీ నీ అభిప్రాయమేమిటమ్మా అంది, ఈలోగా బస్సొచ్చింది, ఎక్కేశాను, ఇప్పుడు రాస్తున్నది ఔనుకు కప్పు గెలిచే రాత కాదు, ఎందుకంటే కాదనేవాళ్ల మాటల్లో కూడా నిజముంది, లేత కాళ్లకు శ్రమే, ట్రయల్లో జాకీచేత కళ్లెం బిగబట్టించి వేగం దాచేసేవాళ్లుంటారు, ఆ ఒక్కరోజు చూసి గుర్రాన్ని తీసిపారేసే జనముంటారు, అవన్నీ రాశాను, రాసి, కింద రెండో పేరాలో, అయినా సరే, పక్కన ఇంకో గుర్రం ఉంటుందని ఎరగని గుర్రాన్ని తిన్నగా పన్నెండు గుర్రాల మధ్యకు తోలి, దాని వీపున ఒక మనిషిని కూర్చోబెట్టడం గుట్టు కాదు, గుడ్డితనం, విరిగేది ఎవరి భుజమో అది విరిగేదాకా మనకు తెలియదు అని రాశాను, మరిది పేరు రాయలేదు, ఒట్టు ఒట్టే, చదువుకుంటే నాకే ఎవరో కొత్తమనిషి గొంతులా వినిపించింది.

ఆయన తడితల తుడుచుకుంటూ వచ్చి ఎక్కడ అన్నారు, వేలు పెట్టాను, సంతకం పెట్టారు, తువ్వాలు చివర నుంచి ఒక నీటిబొట్టు కాగితం అంచున పడితే నేనే అద్దాను, అంతే, అయిపోయింది, ఇరవై రెండేళ్లలో ఇంత తేలిగ్గా ఏదీ గెలవలేదు, దొరసాని ఆదివారం దిగదు, మరిది భుజానికి ఢోకా లేదు, ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తాళంచెవులు వెతుక్కుంటున్నారు, ఇక నేను వంటింట్లోకి వెళ్లి నవ్వుకోవడమే తరువాయి, కాని కాళ్లు కదలలేదు, సాయంత్రం క్లబ్బు మీటింగులో ఎవరో లేచి ఈ ఉత్తరం పైకి చదువుతారు, తక్కిన ఆరుగురు ట్రైనర్లూ ఆయన మొహమే చూస్తుంటారు, ఆయన తన మాటలు తాను మొట్టమొదటిసారి వినేది అక్కడ, అంతమందిలో, అటూ ఇటూ ఎవరున్నారో తెలియకుండా, ముందుగా ఒక్క మాటైనా చెవిన పడకుండా, మరి గుట్టుగా ఉంచి తిన్నగా జనంలోకి తోలుతున్నది ఇప్పుడెవరు, నేను కదూ, ఏవండీ ఒక్కసారి కూర్చోండి అన్నాను, టైమైపోతోందోయ్ అన్నారు, ఆ ఉత్తరం ఇలా ఇవ్వండి, చదువుతాను వినండి అన్నాను, నువ్వు రాశావుగా, చదవడమెందుకు అన్నారు, నేను రాశాననే వినండి అన్నాను.

ఆయన నిలబడే విన్నారు, మొదటి వాక్యానికే తువ్వాలు కుర్చీ మీదికి విసిరేశారు, నేను చెప్పిందేమిటి నువ్వు రాసిందేమిటి, మతి ఉందా అన్నారు, ఉంది, పూర్తిగా వినండి అన్నాను, ఇంట్లో ఇంత గట్టిగా గొంతులు లేచిన రోజు నాకు గుర్తులేదు, గుర్రాల సంగతి నీకేం తెలుసు అంటారు, చూశాను కదండీ, ఎవరైనా చూశారా అని అడిగితే చెప్పాను కూడా అంటాను, గడియారం పన్నెండుకు పది నిమిషాలు చూపిస్తోంది, అయినా రెండో పేరా చదివాను, గుడ్డితనం అన్నచోట ఆయన మెడ ఎర్రబడింది, భుజం అన్నచోట మాత్రం ఉలిక్కిపడి, తమ్ముడేమైనా అన్నాడా అన్నారు, నేనేమీ అనలేదు, ఏమీ అనకపోవడమే జవాబని ఆయనకు తెలిసిపోయింది, నాతో అనలేదే అన్నారు, అది కోపం గొంతు కాదు, పట్టీ వేశాక ఆ చెయ్యి పైకి లేవడం మీరెప్పుడైనా చూశారా అన్నాను, ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు, మోచేతులు బల్ల మీద పెట్టి నన్ను చూస్తున్నారు, ఇష్టంగా ఏం కాదు, ఇదెవరా అన్నట్టు, ఆ చూపు నాకు కొత్తగా ఉండి, ఒక్క క్షణం నేను కూడా బెదిరాను, కాగితం మడిచేసి, పోనీలెండి మీరు చెప్పినట్టే రాసిస్తాను అనాలనిపించింది, నాలుక చివరిదాకా వచ్చింది, ఆ రావడంలోనే తెలిసింది, ఇన్నేళ్లూ ఆయన చదవరని చెప్పుకుని నాలో నేను మురిసిపోయాను, నవ్వుకున్నాను, ఏడ్చుకున్నాను, కాని ఒక్క ఉత్తరమైనా చదవండి అని ఈవేళదాకా నేను అడిగింది లేదు, ఎవరి కంటా పడకుండా, ఎవరూ పక్కకు రాకుండా, ఓడిపోయే అవసరమే లేకుండా ఇంత భద్రంగా నన్ను దాచింది ఆయన కాదు, నేనే, ఆయన చెయ్యి చాచి ఆ భుజం ముక్క మళ్లీ చదువు అన్నారు, ఈసారి గట్టిగా చదివాను.