డిక్కీలో సంచి

సెప్టెంబరు ఒకటో తారీఖు పొద్దున్నే మిత్సుయో కొత్త సంచి భుజాన వేసుకుని కనజావా నగరం నుంచి వచ్చింది. భూకంపంలో ఇళ్లు కూలినవాళ్లకు కట్టిచ్చిన తాత్కాలిక ఇళ్ల వరసలో, మూడో గుమ్మం ముందు నిలబడి కినుయేని పిలిచింది.

"పిన్నీ, ఆపద సంచి సర్దిపెట్టవూ? మా పాపకి మూడేళ్లు నిండాయి, నేను నిన్నటిదాకా ఒక్క డబ్బా కొనలేదు. సంచి సర్దడమంటే కినుయే దగ్గరే నేర్చుకోవాలని అమ్మ ఎప్పుడూ అనేది."

రెండేళ్లుగా ఈ పిల్ల తన ముఖం చూసి నవ్వుతుంటే కినుయేకి తల కొట్టేసినట్టే ఉంటోంది.

జపాన్ అంతటా విపత్తులకు సిద్ధపడే రోజైన ఇదే తారీఖు ఒకప్పుడు కినుయేకి పండగ. ఆ రోజు వీధి వీధంతా సంచులు విప్పి, గడువు దగ్గరపడిన డబ్బాలు ఖాళీ చేసి, కొత్తవి నింపుకునేవాళ్లు. తనిఖీ పెత్తనం పన్నెండేళ్లు ఆమెదే. "ఈ బ్యాటరీలు నీ పెళ్లి నాటివా?" అని మగవాళ్లను సైతం దులిపేసేది. పక్కింటి ఇసోకో, అంటే మిత్సుయో తల్లి, సంచి నిండా బిస్కట్లే కుక్కుకుని వస్తే, "నువ్వు భూకంపానికి పోతున్నావా, పిక్నిక్కుకా అక్కా?" అని అందరిముందూ నవ్వింది. తన సంచి మాత్రం లోకానికే ఆదర్శమని కినుయే నమ్మకం. ఆరు చేపల డబ్బాలు, నీళ్లు పోస్తే ఉడికే అన్నం, రెండు వెచ్చటి దుప్పట్లు, ఒంటికి అంటించుకునే వేడి పొట్లాలు, అడుగున చనిపోయిన భర్త ఫోటో.

తీరా భూకంపం నడి చలికాలంలో, మంచు కురుస్తుండగా వచ్చింది. ఇల్లు ఒరిగిపోతుంటే కినుయే సంచితో బయటపడి, కారు డిక్కీలో పడేసి, బడి వ్యాయామశాలకు చేరింది. లోపల నూట నలభై మంది. చాలామంది మేజోళ్లతోనే పరుగెత్తి వచ్చారు. అంతమంది మధ్య తనొక్కతే సంచి విప్పి దుప్పటి కప్పుకోవడమా? ఒకరికిస్తే రెండోవాళ్లకు ఏం చెప్పాలి? అందరికీ చాలనిది బయటికి తీయకపోవడమే మర్యాద అక్కడ. బడివాళ్ల దగ్గరున్న తొంభై బిస్కట్ పొట్లాల పెట్టె కూడా అందుకే మూత తీయకుండా గోడవార ఉండిపోయింది. కినుయే వట్టి చేతులతోనే వెళ్లి ఇసోకో పక్కన కూర్చుంది.

ఇసోకో తడిసిన కోటుతో గజగజ వణుకుతోంది. అయినా అడిగింది కినుయే గురించే.

"సంచి ఏదే? ఇంట్లోనే ఉండిపోయిందా?"

కినుయే తలూపింది. అంతే, ఒక్క తలూపు.

"అయ్యో, అంత ముచ్చటగా సర్దుకున్నావు. మీ ఆయన ఫోటో కూడా అందులోనేగా!" అని ఇసోకో ఆమె చెయ్యి పట్టుకుని నిమిరింది.

మూడో రోజుకు గానీ సర్కారు దుప్పట్లు రాలేదు. అప్పటికే ఇసోకోకి దగ్గు పట్టుకుంది. ఆరో రోజు కనజావా ఆసుపత్రికి తరలించారు, పదకొండో రోజు న్యుమోనియాతో పోయింది. కినుయే అప్పటికి ఎక్కడో దూరాన చెల్లెలి ఇంట్లో ఉంది. డిక్కీలో డబ్బాలు గడువు తీరేదాకా అలాగే ఉన్నాయి. మళ్లీ ఇంకో సంచి కట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఇప్పుడు మిత్సుయో చాప మీద డబ్బాలన్నీ పరిచి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటోంది. "దుప్పటి అడుగునా, పైనా పిన్నీ?" అని అడిగింది.

కినుయే ఇక తట్టుకోలేకపోయింది. చెబితే ఈ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కదని తెలుసు. మిత్సుయో తప్ప తన గడప తొక్కేవాళ్లు లేరని కూడా తెలుసు. అయినా చెప్పేసింది.

"పైన పెట్టుకో. పెట్టుకుని, ఆపదొస్తే తియ్యి. నేను తియ్యలేదమ్మా. ఆ రోజు నా సంచి ఇంట్లో లేదు, బయట కారు డిక్కీలోనే ఉంది. మీ అమ్మ వణుకుతుంటే పక్కన కూర్చుని చూశాను. జనం ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాను. దిక్కుమాలిన సిగ్గు!"

మిత్సుయో రాస్తున్న కలం ఆగింది.

"డిక్కీలోనా?" అంది. "ఇంట్లో లేదా?"

"లేదు తల్లీ."

"ఆసుపత్రిలో అమ్మ ఒకటే గొడవ పిన్నీ. 'కినుయే సంచి శిథిలాల కింద ఉండిపోయింది, వాళ్లాయన ఫోటో అందులోనే ఉంది, వెళ్లి తవ్వి తీసుకురావే' అని ప్రాణం తోడేసింది. డాక్టరు ఫరవాలేదన్నాడు కదాని వెళ్లాను. రెండు రోజులు మీ ఇంటి పెంకులు ఎత్తాను. రెండో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది."

"నాకెందుకు చెప్పలేదే?" అంది కినుయే.

"దొరకలేదుగా. చెప్పి నిన్ను బాధపెట్టడం దేనికని."

"తిట్టవే నన్ను. రెండు దెబ్బలెయ్యి. ఏదో ఒకటి అను!"

మిత్సుయో డబ్బాలు ఒక్కొక్కటే సంచిలో వేసి, దుప్పటి మడిచి పైన పెట్టి జిప్పు లాగింది. గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"పోయేముందు అమ్మ నర్సుని అడిగిందట, సంచి దొరికిందా అని. ఆ పిల్ల జాలిపడి దొరికిందని చెప్పిందట. 'హమ్మయ్య, ఇక కినుయేకి చలి ఉండదు' అందట అమ్మ."