దింపుడు కళ్లం కాడ

మా నాయిన తుకారాం ఏం మనిషో నాకైతే ఇప్పటికీ సమజ్ కాలే. సీతాఫల్‌మండిల మా బ్యాండు మేళం అంటే పేరున్నది. నాయిన క్లారినెట్ ఊదుతడు, మాస్టర్ ఆయనే. నేను కల్పలతను, ఆయనకు ఒక్కతే బిడ్డను. నాకు కావల్సింది సుత ఒక్కటే, మేళంల ముందటి డ్రమ్ము. అది ఎట్ల నడిస్తే మిగిలిన పన్నెండు మంది అట్ల నడుస్తరు.

ఎనిమిదేండ్లప్పుడు నా ఇష్టమొచ్చినట్టు కొట్టేదాన్ని. తల్లి లేని నన్ను సాదింది మా నాయినమ్మ బుచ్చమ్మ. నేను కొడుతుంటే కొంగు నడుముకు చెక్కి ఎగిరేది. "కొట్టు బిడ్డా, కొట్టు! కాళ్లు ఆగుతలేవే!" అనేది. నాయిన వచ్చి ఇద్దర్నీ తిట్టి, పాత స్కూటర్ టైరు ముక్క ఒకటి చెక్కకు బిగించి నా ముందట పెట్టిండు.

"దీని మీద కొట్టు. లెక్క తప్పితే వేళ్లు ఇరగ్గొడత."

పదకొండేండ్లు కొట్టిన. రోజూ పొద్దుగాల రెండు గంటలు. ఒకటి రెండు మూడు నాలుగు. తప్పితే బెత్తంతోని వేళ్ల కణుపుల మీద ఒకటి పడేది. ఏడిస్తే ఇంకోటి. "ఏడ్చేటోళ్ల చెయ్యి వణుకుతది. చావైనా పెండ్లయినా మనకొక్కటే" అనేటోడు. నాయినమ్మ నా వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంట, "వీడు నా కడుపున ఎట్ల పుట్టిండో" అని గొణిగేది.

అప్పుడు ముందటి డ్రమ్ము రాజుది. పాట ఊపందుకుంటే చాలు, లెక్క ఇడిసిపెట్టి ఉరుకుతడు వాడు. నాయిన నాతోని ఒక మాట అన్నడు. "ఒక్క ఊరేగింపు మొత్తం తప్పకుంట కొట్టు. రాజును ఎనక్కి పంపి నిన్ను పెడ్త."

మొన్న ఎండకాలం నాయినమ్మ సచ్చిపోయింది. చాయ్ తాగి గోడకు ఒరిగింది, అంతే. మాదే మేళం, బయటోళ్లను ఎందుకు పిలుస్తం? కొడుకు కాబట్టి నాయిన నిప్పుకుండ పట్టాలె. రాజు ఆమె చేతి బువ్వ తిన్నోడు. డ్రమ్ము మెడల ఏసుకున్నడు గానీ ఎక్కెక్కి ఏడుస్తుండు, చేతులు ఆడుతలేవు. నాయిన నా దిక్కు చూసిండు.

"నువ్వు కొడ్తవా?"

"కొడ్త నాయినా."

గల్లీ మొత్తం బయటకొచ్చింది. నేను నాయినమ్మ మొకం చూడలే. చూస్తే అక్కడ్నే కూలబడేదాన్ని. పండ్లు బిగబట్టి లెక్క పెట్టుకుంట నడిచిన. ఒక్క దెబ్బ తప్పలే.

సగం తొవ్వల దింపుడు కళ్లం. పాడె దించి, పానం ఏమన్న మిగిలి ఉన్నదేమోనని చెవుల మూడుసార్లు పిలుస్తరు కద. మేళం ఆపిన. నాయిన వంగి "అవ్వా" అన్నడు. జెర ఆగి మళ్ల "అవ్వా" అన్నడు. మూడోసారి గొంతు రాలే, గాలి ఒక్కటే వచ్చింది. పాడె లేవంగనే "ఒకటి రెండు మూడు నాలుగు" అని ఎత్తుకున్న. మేళమోళ్లంత ఒక్కపారే అందుకున్నరు. నాయిన తల తిప్పి నన్నే చూసిండు. ఇన్నేండ్లకు మెచ్చుకుంటుండు అనుకున్న. సిగ్గు లేకుంట సంబురపడ్డ.

తానాలు చేసి ఇంటికొచ్చినంక సుట్టాలందరి ముందట అడిగిండు.

"ఏందే, నీకు గుండె ఉన్నదా? సాదిన ముసల్ది పాడె మీదుంటే ఒక్క దెబ్బ తప్పలేదా నీకు?"

నాకు మండింది. "నువ్వే కద నేర్పింది! ఏడిస్తే కొట్టినవ్. ఏడ్వకపోతే గిట్లంటవ్. నేనేం చెయ్యాలె, చెప్పు!"

"లెక్క నేర్పిన. మనిషితనం అవతల పారెయ్యమన్ననా?" రాజు భుజం మీద చెయ్యేసిండు. "వీడు కొట్టలేకపోయిండు సూడు. వీనిదే ముందటి డ్రమ్ము. నీ స్టిక్కులు ఇటియ్యి."

ఇచ్చిన. అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు, ఆగలే.

"సూడుండ్రి, స్టిక్కులు గుంజుకుంటె ఏడుస్తుంది" అన్నడు నాయిన. సుట్టాలు తలలు దించుకున్నరు.

నెల దాటినంక రాంగోపాల్‌పేట్ల ఒక బరాత్. లైట్లు మోసే ఆడోళ్లల్ల ఒకామె రాలే. నాయిన నా దిక్కు చూడకుంటనే "నువ్వు మోయి" అన్నడు. నెత్తి మీద లైటు పెట్టుకుని రాజు పక్కపొంటి నడిచిన. వాడు ఏడుసార్లు తప్పిండు. పెండ్లోళ్లకు తెల్వలే, ఎగురుతనే ఉన్నరు. నాయినకు ఏడుసార్లూ తెల్సు. ఒక్కసారి సుత ఎనక్కి తిరిగి చూడలే.