గావుకేకకు ఉదాహరణ

ఆ నిఘంటువు కార్యాలయంలో ఫ్యాను కూడా భయపడుతూ తిరుగుతుంది. ప్రధాన సంపాదకుడైన పెద్దాయనకు చప్పుడు గిట్టదు మరి. అందుకే ఈ సంపుటంలో మాటలన్నీ గట్టెక్కినా 'గావుకేక' ఒక్కటే మొండికేసింది. అర్థానికేం, "ఒళ్ళు జలదరించేంత పెద్ద అరుపు" అని సహాయ సంపాదకురాలు ఎప్పుడో రాసేసింది. చిక్కంతా ఉదాహరణతోనే. అక్కడి ఆచారం ప్రకారం ఉదాహరణ వాక్యం సొంతంగా అల్లకూడదు. కార్యాలయంలో ఎవరో ఒకరు చెవులారా విన్నదై ఉండాలి, అన్నవాళ్ళు సరేననాలి. పిల్లి తుమ్మినా ఉలిక్కిపడే చోట గావుకేక ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

"రేపు అచ్చుకు పంపాలి. దొరక్కపోతే ఆ మాట పీకేద్దాం," అన్నాడు పెద్దాయన గుసగుసగా.

అంతలో ప్రూఫులు దిద్దే పంతులు అట్ట నమూనా తెచ్చాడు. సంపుటంలో సగానికి పైగా సహాయ సంపాదకురాలి రెక్కల కష్టమే. ఈసారి అట్టమీద నీ పేరూ వేస్తామమ్మా అని పెద్దాయన ఏళ్ళ తరబడి ఊరిస్తూ వచ్చాడు. ఆమె ఆశగా చూసింది. పెద్దాయన పేరుంది. దాని కింద ఆయన అల్లుడి పేరుంది. ఆ మహానుభావుడు ఆఫీసుకు వచ్చేది టీ వేళకు, వెళ్ళేది టీ అవగానే. ఆమె దిగ్గున లేచింది.

"నా పేరేదీ!"

కిటికీమీది పావురాలు లేచిపోయాయి. అల్లుడి టీ ఒళ్ళో ఒలికింది. పెద్దాయన కళ్ళు మాత్రం మెరిశాయి.

"ఇది గావుకేకేనంటారా?"

"ఉత్త అరుపు మామయ్యా," అన్నాడు అల్లుడు ప్యాంటు దులుపుకుంటూ. "గావుకేకంటే ప్రాణభయం ఉండాలి."

"ఉంది సార్, నాకు," అన్నాడు పంతులు బల్లకింద నుంచి.

పెద్దాయన సంబరంగా కాగితం అందుకున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం!

"ఆగండి," అంది ఆమె మామూలు గొంతుతో. "కేక నాది, నేను సరేననలేదు. అట్టమీద నా పేరు లేకపోతే లోపల నా కేక ఉండదు."

ఆచారం పెట్టింది పెద్దాయనే. ఏం చేస్తాడు?

"అలాగేలేమ్మా, అరవకు," అంటూ నమూనా దగ్గరికి లాక్కుని అల్లుడి పేరు కొట్టేశాడు. కలం అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ 'అమ్మాయ్' అని పిలిచి పని చెప్పడమే తప్ప, పాపం ఆయనకు ఇంకేం తెలుసు?

"ఇంతకీ నీ పేరేంటమ్మా?"

ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది, వీధి చివరిదాకా వినబడేలా.